4,554 మీటర్ల సత్రంలో ఒక రాత్రి

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "డాక్టరు గారూ, షుగరు గురించో బీపీ గురించో ఓ ఇరవై నిమిషాలు మాట్లాడండి" అన్నారు. ఈ హాల్లో షుగరు గురించి నాకంటే ఎక్కువ తెలిసినవాళ్లు కనీసం వందమంది ఉంటారండీ. పైగా ఇది అయిపోగానే భోజనాలు. పూతరేకుల ముందు షుగరు సంగతి ఎత్తడం నాకే ఇష్టంలేదు. అందుకని మూడేళ్ల కిందట మన బ్యాచి వాళ్లం ముగ్గురం కలిసి చేసిన ఒక ప్రయాణం గురించి చెబుతానని ఒప్పించాను.

ముగ్గురం అంటే నేను, మా కెప్టెన్, మా పొడుగోడు. అసలు పేర్లు హాజరుపట్టీలో ఉన్నాయి, ఎవరూ ఎప్పుడూ వాడలేదు. కబడ్డీ జట్టుకి కెప్టెన్‌గా చేసినవాడు అరవై మూడేళ్లొచ్చినా ఈ రోజుకీ కాలవగట్టు మీద ఐదు కిలోమీటర్లు పరుగెత్తి గానీ కాఫీ తాగడు. పొడుగోడు ముప్పై ఏళ్ల నుంచీ జర్మనీలో ఇంజనీరు. కెప్టెన్‌కి పూర్తిగా వ్యతిరేకం. కూర్చోవడానికి కుర్చీ, ముందు టేబులు, టేబులు మీద ప్లేటు ఉంటే చాలు. నేను రిటైరయ్యేదాకా మత్తు డాక్టరుని. అంటే నిద్రపోతున్నవాళ్ల పక్కన కూర్చుని వాళ్ల ఊపిరిని కనిపెట్టుకుని ఉండటం నా ఉద్యోగం. ఇది గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

మనది కోనసీమ. మనకి ఎత్తంటే ఏటిగట్టు, లేకపోతే కొబ్బరిచెట్టు. అలాంటి మేం యూరప్‌లో అన్నిటికన్నా ఎత్తున ఉన్న భవనంలో ఒక రాత్రి పడుకోవాలనుకోవడం కెప్టెన్ పుణ్యమే. వాడు ఎక్కడో చదివాడు. ఇటలీకీ స్విట్జర్లాండుకీ సరిహద్దులో మోంటే రోజా అనే పర్వతశ్రేణి ఉంది. అందులో ఒక శిఖరం కొసమీద, సరిగ్గా కొసమీదే, 4,554 మీటర్ల ఎత్తున ఒక చెక్క ఇల్లు ఉంది. పేరు మార్గెరీటా. పెద్ద వయసువాళ్లు కూడా గైడుతో వెళ్లొచ్చని చదివి, ఇక మమ్మల్ని వదల్లేదు.

ఇలాంటి ఇళ్లని ఇటాలియన్‌లో రిఫూజియో అంటారు. తలదాచుకునే చోటు అని అర్థం. హోటలు అనుకుంటే పొరపాటు. నాకైతే మన సత్రమే గుర్తొచ్చింది. కాశీ వెళ్లేవాళ్ల కోసం దారిపొడుగునా పూర్వం సత్రాలు కట్టించినట్టు, అక్కడ పర్వతారోహణ సంఘాలు కొండల మీద ఇవి కట్టించాయి. డబ్బు తీసుకుంటారు, అది వేరే సంగతి. పైకి మోసుకొచ్చిన ప్రతి వస్తువుకీ ఆ మోత ఖరీదు కూడా కలుస్తుంది. నీళ్ల సీసా ధర చూస్తే దాహం తీరిపోతుంది.

ఆ శిఖరం ఎక్కడానికి మొదట పట్టుబట్టింది కొండ కింద అలాన్యా అనే ఊరి చర్చి ఫాదరు. ఆయన పేరు జొవాన్ని న్యిఫెట్టి. మూడుసార్లు బయల్దేరి వెనక్కొచ్చి, నాలుగోసారి 1842లో ఎక్కాడు. ఇటలీ వాళ్లు ఆ శిఖరానికి ఆయన పేరే పెట్టారు. యాభై ఏళ్ల తర్వాత ఇటాలియన్ ఆల్పైన్ క్లబ్బు వాళ్లు కిందే ఇంటి చెక్కలన్నీ కోసి, అమర్చి చూసి, మళ్లీ విప్పి, కంచరగాడిదల మీదా మనుషుల వీపుల మీదా పైకి చేర్చి 1893లో అక్కడ ఇల్లు నిలబెట్టారు. ఆ ఆగస్టులో ఇటలీ రాణి మార్గెరీటా స్వయంగా ఎక్కి వచ్చి ఆ రాత్రి అందులోనే పడుకుంది. ఇంటికి ఆవిడ పేరే. మన పిల్లలు ఫోన్‌లో ఆర్డరిచ్చే మార్గెరీటా పిజ్జా ఉంది చూశారూ, అదీ ఈ రాణి పేరేనంటారు. ఇప్పుడున్న ఇల్లు 1980లో తెరిచింది. చెక్కతో కట్టి, పైన రాగిరేకు తొడిగారు. పిడుగు పడితే ఆ రేకు వెంట పోతుంది, లోపలివాళ్లకి ఏమీ కాదు. కారులో కూర్చున్నవాడికి పిడుగు ఎందుకు తగలదో మన ఫిజికల్ సైన్సు మాస్టారు చెప్పిన పాఠమే ఇది.

ఇక దారి. అలాన్యా 1,190 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడినుంచి లిఫ్టుపెట్టెలు మారుకుంటూ వెళితే గంట కూడా పట్టకుండా 3,200 మీటర్లు దాటి పుంతా ఇంద్రెన్ అనేచోట దింపేస్తాయి. సుఖమే అనుకుంటాం గానీ, నా దృష్టిలో ఆ కొండమీద అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఆ లిఫ్టే. కాళ్లు ఎక్కితే నెమ్మదిగా ఎక్కుతాయి, ఊపిరితిత్తులకి సర్దుకునే టైము దొరుకుతుంది. లిఫ్టు ఆ టైము ఇవ్వదు. పైన ఆక్సిజన్ శాతం తగ్గదండీ, ఇక్కడెంతో అక్కడా అంతే, నూటికి ఇరవై ఒకటి. తగ్గేది గాలి ఒత్తిడి. మార్గెరీటా దగ్గర సముద్రమట్టం మీద ఉన్న ఒత్తిడిలో సుమారు 58 శాతమే ఉంటుంది. ఇక్కడ వంద గుక్కల్లో అందేది అక్కడ యాభై ఎనిమిది గుక్కల పాటిదన్నమాట. శరీరం దీనికి అలవాటు పడగలదు, కాని దానికి రాత్రులు కావాలి. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటుని రోజుకి 500 మీటర్లకి మించి పెంచకూడదనేది వైద్యుల మాట. ఆల్ప్స్‌లో ఇళ్లు అంత దగ్గరదగ్గరగా ఉండవు కాబట్టి, ఉన్నచోటే ఇంకో రాత్రి ఆగడమొక్కటే మార్గం.

మేం అలాన్యాలో ఒక రాత్రి, 2,600 మీటర్ల దగ్గర ఒక చిన్న బసలో రెండు రాత్రులు ఉండి, తర్వాత న్యిఫెట్టి బసకి చేరాం. ఇది 3,647 మీటర్లు. నూటయాభై మందికి పైగా పడుకునే పెద్ద చెక్క ఇల్లు, రెండు హిమానీనదాల మధ్య ఒక బండరాతి గుట్టని పట్టుకుని నిలబడి ఉంటుంది. గుమ్మంలోనే బూట్లు, ఐస్ గొడ్డళ్లు, బూట్లకి తొడిగే ఇనపముళ్లు అన్నీ వదిలెయ్యాలి. లోపల వాళ్లిచ్చే రబ్బరు చెప్పులు వేసుకోవాలి. ఇద్దరివీ ఒక సైజు దొరికితే అదృష్టం. గదిలో ఒకదానిమీద ఒకటి బల్లమంచాలు. ఎవరి పలుచని పడకసంచి వాళ్లు తెచ్చుకోవాలి, దానిమీద వాళ్ల దుప్పట్లు కప్పుకోవాలి. రాత్రి పదికి దీపాలు ఆర్పేస్తారు. తెల్లవారుజామున మూడింటికి మొదటి జట్టు లేచి చప్పుడు మొదలెడుతుంది. మన హాస్టల్లో ఉన్నవాళ్లకి ఇందులో కొత్తేమీ లేదు.

ఆ రాత్రి కెప్టెన్‌కి తలనొప్పి మొదలైంది. అర్ధరాత్రికి రెండుసార్లు వాంతి. పొద్దున్న నిలబడితే అడుగు తూలింది. నేను గోడవారన గీత గీసినట్టు మడమకి బొటనవేలు ఆనించి నడవమన్నాను. నాలుగో అడుగుకి పక్కకి ఒరిగాడు. కబడ్డీలో ఎవరూ పడెయ్యలేని మనిషి.

"రెండు మాత్రలు వేసుకుంటే తగ్గిపోతుందిరా, నడిచేస్తా" అన్నాడు.

"ఇక్కడినుంచి నువ్వు వెళ్లేది కిందకే" అన్నాను.

ఈ జబ్బుకి దేహదారుఢ్యంతో సంబంధం లేదు. రోజూ పరుగెత్తేవాడికి రావచ్చు, కుర్చీ దిగనివాడికి రాకపోవచ్చు. ఇది చెప్పినా వాడికి ఎక్కలేదు. ఈ ప్రయాణం కలగన్నది వాడు, ఏడాదిపాటు మా ఇద్దరినీ తరిమి తరిమి నడిపించింది వాడు. ఇప్పుడు ఇంకో తొమ్మిది వందల మీటర్ల పైన ఆ ఇల్లు ఉండగా వాడొక్కడూ దిగిపోవాలి. వాడు బల్లమంచం మీద కూర్చుని బూటు లేసులు కట్టుకుంటున్నాడు, కట్టుకుంటూనే ఉన్నాడు. నేను ఆ వైపు చూడలేదు. ఇదంతా చెప్పడానికి వాడి అనుమతి ఉంది, నాలుగో వరుసలో నవ్వుతూ కూర్చున్నాడు చూడండి.

గైడు వాడిని కింద లిఫ్టు దాకా దింపి, అలాన్యా వెళ్లే పెట్టెలో తమ ఊరివాడొకడికి అప్పగించి, మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. 2,000 మీటర్ల కిందకి చేరేసరికి కెప్టెన్ తలనొప్పి పోయింది, ఆకలేసి సూపు తాగానని మెసేజి పెట్టాడు. మేమిద్దరం ఆ పగలంతా న్యిఫెట్టిలోనే ఉండి, రెండో రాత్రి కూడా అక్కడే పడుకున్నాం. ఆ అదనపు రాత్రి మాకెంత మేలు చేసిందో మర్నాడు తెలిసింది.

తెల్లవారుజామున నాలుగున్నరకి తలకి దీపాలు కట్టుకుని, ముగ్గురం ఒకే తాడుకి కట్టుకుని బయల్దేరాం. ముందు గైడు, మధ్యలో నేను, వెనక పొడుగోడు. లీస్ హిమానీనదం దూరంనుంచి చూస్తే తెల్లటి మైదానంలా ఉంటుంది గాని, ఎండాకాలం బీటలు వారిన మన వరిచేను ఎలా ఉంటుందో అలా నెర్రెలు. తేడా ఏమిటంటే ఆ నెర్రెల్లో ఒక ఇల్లు పడుతుంది. వాటిమీద మంచు పైకప్పులా కప్పేసి ఉంటుంది, అందుకే తాడు. తాడు వదులైతే గైడు వెనక్కి తిరక్కుండానే కోప్పడేవాడు. నాలుగడుగులకి ఒక ఊపిరి, తర్వాత రెండడుగులకి ఒకటి, 4,300 దాటాక అడుగుకొకటి. సూర్యోదయానికి మా ఎడమపక్క లీస్కామ్ పర్వతం గులాబీరంగు తిరిగింది. ఆ మాట గైడు చెబితే తలెత్తి చూశాను. అంతవరకూ ముందున్న బూటు మడమలు తప్ప ఏమీ చూడలేదు.

శిఖరానికి కాస్త కింద కొల్లె న్యిఫెట్టి అని ఒక మంచు కనుమ ఉంది. శాస్త్రవేత్తలు అక్కడ మంచులోకి గొట్టాలు దింపి, పొరలు పొరలుగా తీసి, వేల ఏళ్ల కిందటి గాలిని చదువుతున్నారు. సహారా ఎడారినుంచి ఎగిరొచ్చిన దుమ్ము కూడా ఆ పొరల్లో దొరికింది. పొడుగోడు అక్కడ కూలబడి, "నన్నూ ఇక్కడ ఒక పొరగా ఉంచెయ్యండి" అన్నాడు. ఆఖరి వంద మీటర్లు నిటారు. న్యిఫెట్టినుంచి ఐదున్నర గంటలు పట్టింది. కుర్రాళ్లకి నాలుగు చాలు.

తలుపు తోసుకుని లోపలికి వెళితే మొదట తగిలింది ఉల్లిపాయలు వేగుతున్న వాసన. కళ్లంట నీళ్లొచ్చాయి, ఉల్లిపాయల వల్ల అని చెప్పాను.

లోపల సుమారు డెబ్బై మందికి చోటు. వాగూ లేదు, ఊటా లేదు, మంచు కరిగించిందే నీళ్లు. సరుకులు హెలికాప్టర్లో వస్తాయి. ఆ ఎత్తున నీళ్లు ఎనభై అయిదు డిగ్రీలకే మరుగుతాయి. మాస్టారూ, మీరు గాజు కుప్పెలో నీళ్లు మరిగించి, బిరడా బిగించి, తలకిందులు చేసి పైన చన్నీళ్లు పోస్తే లోపలి నీళ్లు మళ్లీ మరిగాయి, గుర్తుందా? మేమంతా మంత్రం అనుకున్నాం. ఒత్తిడి తగ్గితే మరిగే వేడి తగ్గుతుందని మీరు చెప్పిన ఆ పాఠానికి అక్కడ వంటింట్లో రోజూ పరీక్షే. టీ పెడితే రంగు దిగదు. మామూలు గిన్నెలో అన్నం వండితే పలుకే.

అక్కడ ఇంకొక చిన్న గది ఉంది, అది ప్రయోగశాల. నాకైతే శిఖరం కంటే అదే గొప్ప. ట్యూరిన్ నగరంలో అంజెలో మోస్సో అనే శరీరశాస్త్ర ఆచార్యుడు ఉండేవాడు. 1894లో కొందరు సైనికుల్ని ఈ ఇంటికి తీసుకొచ్చి, రాత్రుళ్లు పక్కన కూర్చుని వాళ్ల ఊపిరిని యంత్రంతో కాగితం మీద గీయించాడు. నిద్రలో వాళ్ల ఊపిరి కాసేపు ఆగిపోతోంది, మళ్లీ గబగబా నాలుగైదు పెద్ద గుక్కలు, మళ్లీ ఆగడం. ఎత్తున నిద్రపోయే ఆరోగ్యవంతుడికి ఇది మామూలేనని ఆ గీతలు తేల్చాయి. మరి మామూలు కానిది ఏది? అంతకు మూడేళ్ల ముందు, 1891లో, మోంబ్లాన్ మీద ఇలాంటి ఇంట్లోనే జకొత్తె అనే యువ డాక్టరు జబ్బుపడ్డాడు. దిగిపొమ్మంటే వినలేదు, ఎత్తు తన శరీరాన్ని ఏం చేస్తుందో తానే చూస్తానన్నాడు, చనిపోయాడు. కోసి చూస్తే ఊపిరితిత్తుల్లో నీరు. అప్పట్లో దాన్ని న్యుమోనియా అనుకునేవారు. మన దేశంలో 1962 యుద్ధంతో మైదానాలనుంచి ఒక్కసారిగా హిమాలయాలకి చేర్చిన సైనికుల్లో ఇవే జబ్బులు వచ్చాయి. ఇందర్ సింగ్ బృందం 1,925 మంది సైనికుల వివరాలతో 1969లో ప్రచురించిన వ్యాసం ప్రపంచంలో ఈ రంగం చదివే ప్రతివాడూ చదువుతాడు. తర్వాత 1991లో ఈ మార్గెరీటా ఇంట్లోనే, నిఫెడిపిన్ అనే మామూలు బీపీ మాత్ర ఈ ఊపిరితిత్తుల నీరుని రాకుండా ఆపగలదని తేల్చారు. మీలో కొందరు ఒకప్పుడు ఆ మాత్ర వేసుకునే ఉంటారు.

సాయంత్రం భోజనాల బల్ల దగ్గర నా వేలికి తొడిగి ఆక్సిజన్ చూసే చిన్న పరికరం తీశాను. కరోనాలో మనందరి ఇళ్లలోకీ వచ్చిందే. నాకు 81, పొడుగోడికి 80. మన ఆసుపత్రిలో ఆ అంకె వస్తే పరుగులు పెడతారు. అక్కడది మామూలు. చుట్టుపక్కల బల్లలవాళ్లు తలా వేలు పెట్టి నవ్వుకున్నారు. మూల బల్ల దగ్గర నలుగురు కుర్రాళ్లు, పాతికేళ్లుంటాయి, పరుగుపందేల మనుషులు. ఆ ఉదయమే లోయనుంచి మొదటి లిఫ్టు పట్టుకుని ఒక్క పూటలో ఇంతదాకా ఎక్కేశారు. వాళ్లలో ఒకడికి 68. "చేతులు చల్లబడ్డాయి, అందుకే" అని వాడు నవ్వాడు, కొంచెం దగ్గాడు.

రాత్రి గాలి లేచింది. రాగిరేకులు మోగుతున్నాయి. నాకు నిద్రపట్టలేదు, పక్క మంచం మీద పొడుగోడు గురక పెడుతున్నాడు. ఉన్నట్టుండి గురక ఆగింది. ఊపిరీ ఆగింది. నేను ఉద్యోగంలో ఉన్నప్పటిలాగే లెక్కపెట్టడం మొదలెట్టాను. ఐదు, ఆరు, ఏడు. మోస్సో చదివాను, గీతలు చూశాను, సాయంత్రమే ఆ గది కూడా చూశాను. పది, పదకొండు. అది మామూలేనని నాకు తెలుసు. పన్నెండు. తెలిసినా చెయ్యి వాడి భుజం మీదకి వెళ్లింది. పదమూడుకి పెద్దగా ఒక గుక్క, ఆ వెనకే ఇంకో నాలుగు, మళ్లీ నిశ్శబ్దం. వాడి వేలికి పరికరం తొడిగాను, 72. ఒళ్లు వెచ్చగా ఉంది, పెదాల రంగు మార్పులేదు, దగ్గు లేదు. వదిలేశాను. వదిలేశానంటే, ఒక గంటసేపు లెక్కపెట్టి వదిలేశాను.

రెండు గంటల వేళ తలుపు దగ్గర టార్చిలైటు. సాయంత్రం పరికరం చూసిన గుర్తుతో ఆ కుర్రాళ్లలో ఒకడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. వెళ్లి చూస్తే ఆ దగ్గిన అబ్బాయి పడుకోలేక మంచం మీద కూర్చుని ఉన్నాడు. కూర్చున్నా ఆయాసమే. అంకె 56. స్టెతస్కోపు లేదు. చొక్కా పైకి తీసి చెవి వీపుకి ఆనించాను. చెవి దగ్గర తలవెంట్రుకలు వేళ్లతో నలిపితే వస్తుంది చూశారూ, అలాంటి చిటచిట, కుడివైపు కింద. ఊపిరితిత్తుల్లోకి నీరు దిగుతోంది. జకొత్తె జబ్బు. అక్కడ డెబ్బై మందిమి పడుకున్నాం, నిద్రలో సగంమందికి ఊపిరి ఆగుతూనే ఉంటుంది. అందరిలో పొడుగోడిలా భయపెట్టినవాళ్లు క్షేమంగా ఉన్నారు. పలుచని దగ్గు దగ్గి నవ్వినవాడు చావుకి దగ్గరగా ఉన్నాడు.

ఇల్లు చూసుకునే మనిషిని లేపాం. అతను ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. ఆక్సిజన్ సిలిండరు తెచ్చాడు, మందుల పెట్టెలోనుంచి నిఫెడిపిన్ తీసి నా చేతికిచ్చాడు, కింద లోయలోని సహాయక దళానికి ఫోన్ చేశాడు. దీనికి అసలు వైద్యం కిందకి దింపడం. కాని ఆ గాలిలో, ఆ చీకట్లో, ఆ నెర్రెల మీద నడిపిస్తే శ్రమకే ప్రాణం పోవచ్చు. హెలికాప్టరు గాలి తగ్గితే గాని రాదు. తెల్లవారేదాకా ఆక్సిజన్ మీద కూర్చోబెట్టాలని ముగ్గురం తేల్చుకున్నాం. సిలిండరు ముల్లు ఎంత ఉందో, తెల్లారడానికి ఎన్ని గంటలో లెక్కవేసి, ధార సన్నం చేశాం. అంకె 80కి ఎక్కింది. ఆ అబ్బాయి నా చెయ్యి పట్టుకుని ఇటాలియన్‌లో ఏదో అడుగుతున్నాడు. భాష రాదు, కాని ముప్పై ఏళ్లు ఆపరేషన్ బల్ల మీద పడుకున్నవాళ్లు అడిగిన ప్రశ్నే అది. నేను తెలుగులోనే "ఏం ఫర్వాలేదు నాన్నా, నేనిక్కడే ఉంటా" అన్నాను. వాడి స్నేహితులు ముగ్గురూ వంతులవారీగా వాడి వీపుకి దన్నుగా కూర్చున్నారు. ఐదున్నరకి గాలి తగ్గింది. ఆరు దాటాక హెలికాప్టరు వచ్చి ఎక్కించుకుని, కొండ అంచునుంచి ఒక్కసారిగా కిందకి జారి మాయమైంది. మేం న్యిఫెట్టి దగ్గరకి దిగేసరికి, ఆసుపత్రిలో కోలుకుంటున్నాడని కబురందింది.

ఆ సాయంత్రం అలాన్యాలో లిఫ్టు దిగేచోట కెప్టెన్ నిలబడి ఉన్నాడు. మూడు రోజులూ ఊళ్లోనుంచి ఆ మంచుకొండ వైపే చూస్తూ కూర్చున్నాట్ట. ముందు నన్ను కావిలించుకుని, తర్వాత వాడిని అడిగాడు, "ఏరా, రాత్రి పైన నిద్రపట్టిందా?"

"బ్రహ్మాండంగా పట్టిందిరా, ఇంట్లో కంటే హాయిగా పడుకున్నా. ఈ డాక్టరే రాత్రంతా అటూ ఇటూ తిరుగుతూ గొడవ" అన్నాడు పొడుగోడు.

వాడి ఊపిరి ఆగిన సంగతి వాడికి ఈ సభలోనే మొదటిసారి తెలుస్తోంది. ఇందాకటినుంచీ నా వైపు అలా చూస్తున్నాడు, భోజనాల దగ్గర నన్ను వదలడు. సెలవు.